వేసవిలో వేసట ఉందా? తొలకరిలో ఏముంది?

నిన్న ఒక సభ్యురాలు చక్కని ప్రశ్న వేశారు. "ఈ ఎండలకు వేసారిపోయాం అంటాం కదా. వేసవి అన్న మాటలోనే ఆ వేసట దాగి ఉందా?" బయట రోహిణి కార్తె నడుస్తోంది. సాయంత్రం ఆరింటికి కూడా పడమటి గోడ మీద చెయ్యి ఆనడం లేదు. కుండలో నీళ్లు సైతం గోరువెచ్చగా ఉంటున్నాయి. ఇలాంటి రోజుల్లో ఆ రెండు మాటలూ ఒకే తల్లి బిడ్డలని ఎవరికైనా అనిపిస్తుంది.

నా జవాబు మాత్రం లేదనే. వేసవికి పాత రూపం వేసగి. వేగడం, వేపుడు, వేడి, వెచ్చన అన్న మాటల్లో ఉన్న 'వే'యే ఇందులోనూ ఉంది. కన్నడంలో ఇదే బేసగె. మన వకారం వాళ్లకు బకారం కావడం మామూలే: మన వేరు వాళ్లకు బేరు, మన వేడు వాళ్లకు బేడు. తమిళులు వేసవిని వేనిల్ అంటారు, అక్కడా అదే 'వే'. అంటే వేసవి పేరులో ఉన్నది వేడిమి మాత్రమే, విసుగు లేదు.

వేసరు, వేసారు, వేసట వేరే కుటుంబం. కన్నడంలో బేసర, తమిళంలో వేసఱు వీటికి చుట్టాలు. ఈ మాటల్లో ఎక్కడా వేడి లేదు. కచేరీ చుట్టూ తిరిగి తిరిగి వేసారినవాడు పుష్యమాసపు చలిలోనూ వేసారగలడు. ఎదురుచూసి వేసారడానికి ఎండతో పని లేదు. ధ్వని దగ్గరగా ఉండటం వల్ల, మే నెల చివర ఆ రెండూ మన ఒంటి మీద ఒకేసారి కలుస్తాయి కనుక, చెవి వాటిని జత కట్టింది. ఆ జత నాకూ ఇష్టమే. వ్యుత్పత్తి అని మాత్రం చెప్పకండి.

వేసగికి అసలైన బిడ్డ ఒకటి మన మధ్యే తిరుగుతోంది, అది యాసంగి. వేసగి వేసంగి అయింది, వకారం జారి ఏసంగి అయింది, ఏకారం యాకారమై యాసంగి అయింది. వేప యాప అయిన దారే ఇది. రబీ అన్న అరువు మాటను పక్కన పెట్టి తెలంగాణలో ప్రభుత్వ కాగితాల్లోనూ యాసంగి అని రాయడం చూసినప్పుడల్లా నాకు ఎంతో సంతోషం. ఆ మాట నోటి యాస మాత్రమేనని చిన్నచూపు చూసేవాళ్లు దాని వయసు తెలుసుకోవాలి.

మరొక సభ్యుడు "వేసవి అనకుండా గ్రీష్మం అంటే హుందాగా ఉంటుంది" అన్నారు. ఆయన మీద గౌరవంతోనే కాదంటున్నాను. పంచాంగం ప్రకారం గ్రీష్మం అంటే జ్యేష్ఠ, ఆషాఢ మాసాలు. మనల్ని కాల్చే ఎండలో సగానికి పైగా చైత్ర వైశాఖాల్లోనే, అంటే వసంత ఋతువులోనే అయిపోతుంది. రైతు అరక కట్టే ఏరువాక పున్నమి జ్యేష్ఠ పూర్ణిమ, అంటే గ్రీష్మంలోనే! చినుకు పడి నాగలి కదిలే కాలాన్ని గ్రీష్మం అంటే మన నేల ఒప్పుకోదు. పైగా చాంద్రమాన తిథి ఒకచోట నిలవదు. ఏరువాక పున్నమి 2017లో జూన్ 9న వచ్చింది, అధిక జ్యేష్ఠం పడిన 2018లో జూన్ 28న వచ్చింది. వాన మన అధికమాసం కోసం ఆగదు.

అందుకే మన రైతు కార్తెలను నమ్ముకున్నాడు. కార్తె సూర్యుడి నడకను బట్టి వచ్చేది. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు, తేదీ ఒకటి రెండు రోజులకు మించి కదలదు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. రోహిణిలో రోళ్లు పగులుతాయి, మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయి, మృగశిర చిందిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది. మూడు సామెతలను వరసగా చదివి చూడండి. పగిలే రోలు నుంచి రంకె వేసే ఎద్దు వరకు నెల రోజుల్లో నేలకూ గొడ్డుకూ మనిషికీ జరిగేదంతా అందులో ఉంది. ముసలి ఎద్దును ఎంచుకున్నవాడెవరో నిజంగా కవి. కోడెదూడ రంకె వేస్తే విశేషం ఏముంది!

ఇక తొలకరి. ఇందులో కరి అంటే ఏనుగని, నల్లని మబ్బుకు పోలికని ఒకరు రాశారు. పోలిక అందంగా ఉంది కాని మాట అలా పుట్టలేదు. పాత కావ్యాల్లో దీని రూపం తొలుకారు. కారు అంటే కాలం, ముఖ్యంగా వానకాలం. కారుమబ్బులో ఉన్న నలుపు కారు కూడా దీని పక్కనే నిలుస్తుంది. తమిళంలో కార్ అంటే మబ్బూ, నలుపూ, వానకాలమూ. కన్నడంలో ముంగారు, అనంతపురం వైపు మన తెలుగులోనూ ముంగారే. ముందు వచ్చే కారు ముంగారు, తొలుత వచ్చే కారు తొలకరి. వారం రోజుల ఉక్కపోత తరువాత నైరుతి మూల మబ్బు కమ్మినప్పుడు ఈ మాట ఎంత నిండుగా పలుకుతుందో చెప్పలేను.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. మే నెలలో గాలివాన పడి మామిడికాయలు రాలితే "తొలకరి పలకరించింది" అని శీర్షికలు పెడుతున్నారు. అది తొలకరి కాదు. ఉరిమి, చెట్లు విరిచి, అరగంటలో వెళ్లిపోయి, మర్నాడు మరింత ఉక్క పోయించే వానకు ఆ పేరు తగదు. విత్తనం వేయడానికి పనికొచ్చే తొలి వానే తొలకరి.

అది పనికొచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? మా తాతగారిది మెట్ట సేద్యం. వాన వెలిసిన తెల్లవారి చేనికి వెళ్లి, జానెడు లోతున మన్ను తీసి గుప్పిట్లో నొక్కేవారు. ముద్ద కట్టకపోతే తడి చాలనట్టు. కట్టిన ముద్దను నడుము ఎత్తు నుంచి వదిలేవారు. అది చదునుగా అంటుకుపోతే తడి ఎక్కువ, ఇంకో పూట ఆగాలి. పొడిపొడిగా విచ్చుకుంటే "పదునైంది" అని ఒక్క మాట అని, చెయ్యి దులుపుకోకుండానే ఇంటి దారి పట్టేవారు. కత్తికి ఉండే పదును, నేలకు ఉండే పదును రెంటికీ ఒకే మాట ఎందుకో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు. పనికి సిద్ధంగా ఉండటమే రెంటికీ పదును.

ఏరువాకలో ఏరు నదేనా అని అడిగినవారికి ఒక మాట. కాదు. నదికి పాత రాతలో బండి ఱ ఉంది, అది ఏఱు. ఏరువాకలోది మామూలు రేఫ. ఎద్దులను కట్టి దున్నడానికి సిద్ధం చేసిన నాగలి ఆ ఏరు. బండి ఱ రాతలోంచి పోయాక రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

మీ ఊళ్లో తొలి వానను ఏమంటారో, నేల పదునును ఎలా చూస్తారో పెద్దవాళ్లను అడిగి ఇక్కడ రాయండి. ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి ఇంకా ఎవరూ పలకలేదు.