నిండు కుండ తొణకదు: నిజంగానే తొణకదా?

పోస్టు:
ఈ సామెతతో నాకు ఎప్పటి నుంచో పేచీ ఉంది, ఇవాళ తేల్చుకుందామని రాస్తున్నా. గ్లాసులో అంచు దాకా మజ్జిగ పోసి వంటింట్లోంచి హాల్లోకి తీసుకురండి, చెయ్యి తడవకుండా వస్తే అప్పుడు చెప్పండి. అదే సగం గ్లాసైతే పరిగెత్తినా చుక్క పడదు. మరి మనవాళ్ళు దీన్ని తిరగేసి ఎందుకు చెప్పినట్టు? తొణకడం అంటే ఒలకడమేనా, ఇంకేమైనా అర్థం ఉందా?

జవాబు:
సంస్కృతంలో ఇదే మాట ఉందండి, కానీ అక్కడ గొడవ చప్పుడు గురించి. 'సంపూర్ణకుంభో న కరోతి శబ్దం, అర్ధో ఘటో ఘోషముపైతి నూనమ్'. నిండు కుండ చప్పుడు చెయ్యదు, సగం కుండే మోగుతుంది అని. కన్నడంలో 'తుంబిద కొడ తుళుకువుదిల్ల', తమిళంలో 'నిఱైకుడం తళుంబాదు' అంటారు, ఇవి మాత్రం మనలాగే నీళ్ళ కదలిక గురించి చెప్పినవి. నా మటుకు తొణకడం అంటే పాత్రలో నీళ్ళు అటూ ఇటూ ఊగడం, ఊగి అంచు దాటడం. ఒలకడానికి ఊగక్కర్లేదు, గిన్నె పక్కకు వంచినా ఒలుకుతుంది.

జవాబు:
నేను మెకానికల్ వాణ్ణి, ట్యాంకుల డిజైన్లో పనిచేశాను కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా, ఏమీ అనుకోకండి. పోస్టు పెట్టినాయన గ్లాసు పట్టుకున్నారు, సామెతలో ఉన్నది కుండ. తిరకాసంతా అక్కడే ఉంది. గ్లాసు కింద నుంచి పైదాకా ఇంచుమించు ఒకే వెడల్పు. కుండకు కడుపు పెద్దది, మెడ సన్నం. సగం దాకా నీళ్ళుంటే ఆ నీటి పైతలం సరిగ్గా కుండ అతి వెడల్పుగా ఉన్నచోట ఉంటుంది. మెడ దాకా నింపితే బయటికి కనిపించే నీళ్ళు జానెడు కూడా ఉండవు.

పాత్రలో నీళ్ళు ఊగడానికి ఒక సొంత వేగం ఉంటుంది. పైతలం ఎంత వెడల్పైతే అంత నిదానంగా ఊగుతాయి. కడుపు దగ్గర 30 సెంటీమీటర్లున్న గుండ్రటి కుండలో సగం నీళ్ళుంటే లెక్క ప్రకారం సెకనుకు సుమారు 1.6 సార్లు ఊగుతాయి. నెత్తిన బరువు పెట్టుకుని నడిచే మనిషి సెకనుకు ఎన్ని అడుగులు వేస్తారు? రెండు లోపే. అంటే మన అడుగు, కుండలో నీళ్ళ ఊగు ఇంచుమించు ఒకే లయలో పడతాయి. ఉయ్యాలను సరిగ్గా వెనక్కొచ్చినప్పుడల్లా తోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే, అడుగడుగుకీ ఊపు పెరిగిపోతుంది. అదే కుండ 12 సెంటీమీటర్ల మెడ దాకా నిండితే ఊగే వేగం సెకనుకు మూడుకు అటూ ఇటూ పోతుంది, అడుగుకూ దానికీ పొంతన కుదరదు. పైగా ఊగేది ఆ మెడలో ఉన్న కాసిని నీళ్ళే, కింద కడుపులో ఉన్నదంతా కుండతో పాటు ఒక్క ముద్దలా కదులుతుంది. మూత బిగించి గాలి లేకుండా నింపేశారనుకోండి, ఇక ఊగడానికి పైతలమే లేదు.

కాఫీ కప్పు సంగతి వేరు. 7-8 సెంటీమీటర్ల కప్పులో ఊగే వేగం మూడు దాటుతుంది, మన నడకకు దూరమే, కానీ నడకలో చిన్న చిన్న కుదుపులు కూడా ఉంటాయి, అవి దాన్ని పట్టుకుంటాయి. దీని మీద క్రెచెట్నికోవ్, మేయర్ అని ఇద్దరు కాలిఫోర్నియాలో పనిగట్టుకుని పరిశోధన చేశారు, 2012లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. నవ్వుకోవడానికి ఇచ్చే బహుమతే గానీ లెక్క మాత్రం గట్టిది. మామూలుగా ఏడో అడుగుకూ పదో అడుగుకూ మధ్య ఒలుకుతుందని తేల్చారు. అయినా అంచు దాకా పోసిన గ్లాసు ఒలకడానికి ఇవేవీ అక్కర్లేదు, పైన కాస్త కూడా జాగా వదల్లేదు కదా.

పోస్టు పెట్టినాయన:
కుండను నేను నిజంగానే మర్చిపోయా. ఒక్కటి చెప్పండి మరి, సగం కుండ బియ్యం నెత్తిన పెట్టుకుంటే ఎందుకు తొణకవు? బియ్యం కూడా పోస్తాం, ఒలికాయి అంటాం, కానీ 'బియ్యం తొణికాయి' అని ఎవరైనా అంటే నవ్వుతాం.

జవాబు (మెకానికల్ ఆయనే):
భలే పట్టారు! మన భాష ఇక్కడ ద్రవాన్నీ గింజల్నీ చక్కగా విడదీసింది. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు పైతలం ఏటవాలుగా ఉండలేదు, ఒక పక్క ఎత్తయితే వెంటనే కిందికి జారి, ఆ ఊపులో రెండో పక్కకు ఎక్కుతుంది, మళ్ళీ వెనక్కి. గింజలు అలా కావు. ఒకదాన్నొకటి రాసుకుంటూ, 30 డిగ్రీల వాలు దాకా అలాగే కుప్పగా నిలబడతాయి. కుదిపితే కాస్త సర్దుకుని ఆగిపోతాయి, వెనక్కి రావు. అంచు దాటితే ఒలుకుతాయి, అంతే. తొణకాలంటే వెనక్కి రావాలి.

జవాబు:
మా నాన్న సైకిల్ మీద పాలు వేసేవారు. క్యాన్‌లో పాల మీద గడ్డి చుట్ట తేలేసేవారు. పాలల్లో గడ్డేంటి నాన్నా అంటే 'లేకపోతే సగం రోడ్డుకే తాగిస్తాం' అనేవారు. నెత్తిన బిందెలు మోసేవాళ్ళు మూతి మీద చెంబు బోర్లించేది కూడా ఇందుకేనా?

జవాబు (మెకానికల్ ఆయనే):
చెంబు పడే చుక్కల్ని ఆపుతుంది, గడ్డి ఊగే ఊపునే తినేస్తుందమ్మా. కాఫీ మీద నురగ చేసేది కూడా ఈ గడ్డి పనే, కొద్ది పొరల బుడగలున్నా చాలు, ఊపు బాగా తగ్గుతుందని 2015లో ప్రయోగాలు చేసి చూపించారు. ట్యాంకర్లలో ఇదే పనికి లోపల చిల్లులున్న అడ్డు పలకలు పెడతారు. పాల ట్యాంకర్లలో మాత్రం కడగడం కష్టమని చాలాచోట్ల పెట్టరు, అందుకే సగం ఖాళీ అయిన పాల బండిని మలుపులో తిప్పడం డ్రైవర్లకు పెద్ద టెన్షన్. 1987 మార్చి 6న బెల్జియంలో జీబ్రుగ్గె రేవు దాటగానే 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఓడ తిరగబడి 193 మంది చనిపోయారు. ముందు తలుపులు మూయకుండా బయల్దేరింది, కార్లు పెట్టే అంతస్తులోకి నీళ్ళొచ్చాయి. అడ్డుగోడలు లేని ఆ వెడల్పాటి అంతస్తులో నీళ్ళన్నీ ఒకే పక్కకు చేరి ఓడను పడేశాయి.

జవాబు:
ఇంత చెప్పారు, బాగుంది. కానీ 'ముఖంలో ఆనందం తొణికిసలాడుతోంది' అంటామే, దాన్నేం చేస్తారు? అక్కడ సగం ఆనందం అని కాదుగా, నిండుగా ఉందనే కదా చెప్పేది!

జవాబు (మెకానికల్ ఆయనే):
మేడమ్, దానికి నా దగ్గర సూత్రం లేదు. ముఖానికి మెడ సన్నం కాదనుకుంటా :)

పోస్టు పెట్టినాయన:
అది నా గ్లాసు ఖాతాలో వెయ్యండి, అంచు దాకా పోసింది కదా.