జడ్పీ హైస్కూల్ మనల్ని నిలబెట్టిందా, మనమే నిలబడ్డామా?

వంశధార గట్టు:

మొన్న సంక్రాంతికి మా హైస్కూల్లో 2004 పదో తరగతి బ్యాచ్ వాళ్లం కలుసుకున్నాం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. అప్పట్లో 61 మందిమి పరీక్ష రాశాం, సమ్మేళనానికి 23 మందిమి వచ్చాం. ఒకడు రైల్వేలో లోకో పైలట్, ఇద్దరు ఆర్మీలో చేసి పెన్షన్‌తో వచ్చేశారు, ఒకడు టీచర్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. బడికి బ్యాచ్ పేరుతో సిమెంట్ ఆర్చి కట్టిద్దామని అక్కడికక్కడే లక్షన్నర పోగుచేశాం.

భోజనాల దగ్గర ఒక స్నేహితుడు, "బడి మనకేటి చేసిందిరా? మన తిప్పలు మనం పడ్డాం" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా మటుకు నన్ను నిలబెట్టింది ఆ బడే. మా సోషల్ మేస్టారు రోజూ సొంత డబ్బుతో పేపర్ తెచ్చేవారు. ప్రేయర్‌లో ఒక్కొక్కరోజు ఒక్కొక్కరం నిలబడి వార్తలు చదవాలి. మొదటిసారి నా కాళ్లు వణికాయి. పదోతరగతికి వచ్చేసరికి మూడొందల మంది ముందు మాట్లాడటం అలవాటైపోయింది. ఇవాళ మీటింగుల్లో నేను తడబడకపోవడానికి కారణం అదే. ఇంకొకటి, మా వీధి పిల్లలూ దళితపేట పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఊళ్లో ఒకరి గుమ్మం ఒకరు తొక్కని రోజుల్లో నా పక్కన కూర్చున్నవాడే ఇవాళ నాకు అందరికంటే దగ్గరి స్నేహితుడు. అది ఇంట్లో నేర్పలేదు, బడే నేర్పింది.

కష్టం పడలేదని అనను. 2010లో విశాఖలో మొదటి ఇంటర్వ్యూ. ఇంగ్లిష్‌లో నా గురించి చెప్పమన్నారు. జవాబు తెలుసు, నోరు రాలేదు. తెలుగులో అయితే పావుగంట చెప్పేవాణ్ణి. ఆ భయం పోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అయినా లెక్క వేసుకుంటే బడి ఇచ్చిందే ఎక్కువ. మీరేమంటారు?

పొందూరు అక్క:

వచ్చిన 23 మందిలో ఆడవాళ్లు ఎంతమంది తమ్ముడూ?

వంశధార గట్టు:

నలుగురు అక్కా. పరీక్ష రాసినవాళ్లలో 27 మంది ఆడపిల్లలు.

పొందూరు అక్క:

అక్కడే ఆగి ఆలోచించు. సమ్మేళనానికి వచ్చేది నిలబడినవాళ్లే. బడి మంచిదా కాదా అని వాళ్లనే అడిగితే మంచిదనే అంటారు. రానివాళ్లను ఎవరు అడిగారు?

నాది 2001 బ్యాచ్. ఇప్పుడు విశాఖలో స్టాఫ్ నర్సుని. మా అమ్మ రాట్నం వడికేది. మేం తొమ్మిదిలో ఉండగా లెక్కల మేస్టారికి బదిలీ అయింది. ఆ పోస్టు మేం పది పూర్తిచేసేదాకా ఖాళీగానే ఉంది. లెక్కల పీరియడ్‌లో క్లాస్ లీడర్ ఎక్కాలు రాయించేది, లేదా పీఈటీ సార్ వచ్చి అల్లరి చేయొద్దనేవారు. మగపిల్లలు సాయంత్రం సైకిళ్లేసుకుని శ్రీకాకుళం ట్యూషన్‌కి పోయారు. చీకటి పడ్డాక ఆడపిల్లని ఎవరు పంపుతారు? ఇంటికొచ్చి నీళ్లు మోసి, తమ్ముళ్లకి అన్నం పెట్టి, అప్పుడు పుస్తకం తీయాలి.

పది ఫలితాలొచ్చాయి. మా క్లాసు ఆడపిల్లల్లో సగం మంది లెక్కల్లో తప్పారు. ఒక్క సబ్జెక్టే! సప్లిమెంటరీకి ఫీజు కట్టినవాళ్లు ముగ్గురు. మిగతావాళ్లకి ఆ ఏడాది, ఆ పై ఏడాది పెళ్లిళ్లయిపోయాయి. నా పక్కన కూర్చున్న పిల్ల నాకంటే తెలివైనది. ఇది వినయంతో అంటున్నది కాదు, ఆ పిల్ల చెబితేనే నాకు సైన్స్ అర్థమయ్యేది. నేను పాసైంది మా చిన్నమావయ్య వేసవిలో మా ఇంట్లో ఉండి లెక్కలు చెప్పాడు కాబట్టి. అంతే తేడా. నేను నర్సునయ్యాను, ఆ పిల్లకి ఇరవై ఏళ్లకే ఇద్దరు పిల్లలు.

2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతం దగ్గర ఉంది. మన శ్రీకాకుళం కాస్త నయం, 62కి దగ్గర. ఆడవాళ్లకు చూస్తే విజయనగరంలో సుమారు సగం మందికే చదవడం వచ్చు. ఆ మిగిలిన సగంలో బడి ముఖం చూసి వెనక్కి వచ్చేసినవాళ్లు ఎంతమందో నాకు తెలుసు, మా వీధిలోనే చూశాను.

ఒకే బెంచీ మీద కూర్చున్నామన్నావు. మంచిదే, నేను కాదనను. కానీ మేస్టారు లేని లోటు మీకు ట్యూషన్‌తో పూడింది. మాకు పూడలేదు.

రాజాం టీచర్:

పొందూరు అక్కగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పద్దెనిమిదేళ్లుగా స్కూల్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను, తలవంచుకుని చదివాను.

పోస్టు ఖాళీ అంటే జనం ఆఫీసు విషయం అనుకుంటారు. డీఎస్సీ అంటే టీచర్ పోస్టుల భర్తీకి పెట్టే పరీక్ష. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ 2025లోనే వచ్చింది, 16,347 పోస్టులతో. మధ్యలో ఏడేళ్లు. ఆరో తరగతిలో చేరిన పిల్ల ఈలోగా పది దాటి ఇంటర్ కూడా ముగించేస్తుంది. కొత్త మేస్టారు వచ్చేది ఆ పిల్ల చెల్లెలికి, ఆ పిల్లకి కాదు.

మా పిల్లల గురించి ఒక మాట చెప్పాలి. ఎవరూ చెప్పకుండానే పని అందుకునే గుణం వీళ్లలో చూస్తాను. వంటావిడ రాకపోతే పెద్ద పిల్లలు వడ్డిస్తారు, చిన్నవాడికి జ్వరమొస్తే సైకిల్ మీద ఇంటికి దించి వస్తారు. ఇది మార్కుల కాగితంలో రాదు, ఉద్యోగంలో తప్పకుండా పనికొస్తుంది.

ఎచ్చెర్ల హాస్టల్:

నేను 2014లో నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేరాను. నాకు పదో తరగతిలో 9.5 జీపీఏ వచ్చింది. ప్రభుత్వ బడిలో చదివినందుకు 0.4 కలిపారు. అది లేకపోతే నాకు సీటు రాదు, ఆరేళ్ల చదువు లేదు, ఈ ఉద్యోగం లేదు. మా అమ్మానాన్నా ఇంకా కూలికే పోతున్నారు.

ఈ చర్చకి జవాబు ఆ 0.4లోనే ఉందని నాకనిపిస్తుంది. ఈ బడుల్లో చదివినవాళ్లు వెనకబడి ఉంటారని ప్రభుత్వమే ఒప్పుకుని ఆ లోటు కొంత పూడుస్తోంది. తమిళనాడులో 2020 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు మెడిసిన్ సీట్లలో 7.5 శాతం కేటాయించారు. మన దగ్గర కూడా అలా అడగాలి. బడి మీద ప్రేమ వేరు, బడి వల్ల జరిగిన నష్టం వేరు. రెండూ నిజమే.

గజపతినగరం:

నేను కూడా జడ్పీ హైస్కూలే. కానీ నా ఇద్దరు పిల్లల్ని కాన్వెంట్‌లో వేశాను. ఇంటర్వ్యూలో నేను పడ్డ అవమానం వాళ్లు పడకూడదు. ఇందులో నాకు తప్పు కనిపించడం లేదు. ఇంగ్లిష్ ఒక్కటి వస్తే మిగతావి నేర్చుకుంటారు.

రాజాం టీచర్:

తప్పు పట్టనండీ, మీ టెన్షన్ అర్థమవుతుంది. ఇంగ్లిష్ రావాల్సిందే. కానీ వచ్చేది మాట్లాడే టీచర్ ఉంటేనే, బోర్డు మీద మీడియం మార్చితే కాదు. శ్రీముఖలింగం పక్కన పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి హైస్కూల్లో మేస్టారే కదా. సవర గిరిజన పిల్లలకి సవరలోనే పాఠం మొదలెట్టాలని ఆ భాష నేర్చుకుని మరీ పుస్తకాలు రాశారు. అర్థమయ్యే భాషలో మొదలైన పిల్ల రెండో భాషకి భయపడదు. నా క్లాసులో ఇది ఏటా చూస్తున్నాను.

వంశధార గట్టు గారూ, మీ లక్షన్నర గురించి ఒక మాట. ఎనిమిదో తరగతి పిల్లలకి ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000, అంటే నాలుగేళ్లకి 48,000. ఆడపిల్ల చేతికి డబ్బు వస్తుంటే ఇంట్లో చదువు మాన్పించడానికి వెనకాడతారు. అది నెగ్గాలంటే లెక్కలు, రీజనింగ్ చెప్పేవాళ్లు కావాలి. చీకటి పడకముందే, బడిలోనే. ఆర్చి బదులు ఆ డబ్బు దీనికి పెట్టండి.

వంశధార గట్టు:

అక్క అడిగిన ప్రశ్న నాలుగు రోజులు నన్ను వదల్లేదు. సమ్మేళనానికి రాని ఆడపిల్లల నంబర్లు వెతికాను. ఐదుగురివి దొరికాయి, ముగ్గురు మాట్లాడారు. ఒకామె పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలుస్తోంది. మా బ్యాచ్‌లో ప్రేయర్‌లో పేపర్ అందరికంటే బాగా చదివింది ఆమే. "సమ్మేళనానికి ఎందుకు రాలేదమ్మా" అంటే, "మీరందరూ ఉద్యోగాల గురించి మాట్లాడతారు, నానేటి చెప్పను?" అంది. బడి గురించి అడిగాను. "బడి మంచిదే బావూ. ఆ మేస్టారు పేపర్ చదివించేవారు కదా, ఇప్పటికీ పకోడీ పొట్లం కాగితం కూడా చదవకుండా పారెయ్యను" అంది. ఇంటర్‌కి ఎందుకు వెళ్లలేదంటే కాలేజీ 14 కిలోమీటర్లని, సాయంత్రం బస్సు లేదని చెప్పింది. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు ఉచితమే కానీ వాళ్ల ఊరికి ఇవాళ్టికీ రోజుకి రెండు ట్రిప్పులే.

నేను మొదట రాసిన "నన్ను నిలబెట్టింది" అనే మాట వెనక్కి తీసుకోను. "మనల్ని" అని శీర్షికలో పెట్టిన ప్రశ్నని మాత్రం మార్చాల్సిందే. ఆమెకీ నాకూ అదే మేస్టారు, అదే పేపర్.

ఆర్చి సంగతి గ్రూపులో మళ్లీ పెట్టాను. తొమ్మిది మంది సాయంత్రం లెక్కల క్లాసుకి సరేనన్నారు. ఆరుగురు ఆర్చే కావాలంటున్నారు, "పేరు కనబడాలి కదా" అని. మిగతావాళ్లు ఇంకా జవాబు ఇవ్వలేదు. పలాసలో ఉన్న ఆమెని గ్రూపులో చేర్చాను. ఆదివారం రాత్రి అందరం కాల్‌లో కూర్చుంటున్నాం. రాజాం సార్, రోజుకి గంటన్నర చెప్పడానికి ఊళ్లోనే బీఈడీ చేసినవాళ్లకి ఎంత ఇస్తే మర్యాదగా ఉంటుందో ఆలోగా చెప్పండి.