గవ్వల బొమ్మ వానకి రాలిపోకుండా ఎలా అతికించాలి?

బెసెంట్ నగర్ అమ్మ:
చెన్నైలో ఎలియట్స్ బీచ్‌కి వెళ్ళే దారిలో మా అపార్ట్‌మెంట్ కాంపౌండ్ గోడ ఉంది, ఎప్పుడు చూసినా పోస్టర్లే. దాని మీద పిల్లలతో గవ్వల తాబేలు బొమ్మ చేయిద్దామంటే అసోసియేషన్ సరేనంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలే. కానీ పక్క వీధిలో ఇలాగే వైట్ సిమెంట్‌తో అతికించిన చేపల బొమ్మ, కార్తీకం వానలయ్యేసరికి సగం రాలిపోయింది. మిగిలిన గవ్వల చుట్టూ తెల్లగా ఏదో పూసింది. టైల్స్ గమ్ వాడితే నిలుస్తుందా?

నెల్లూరు మేస్త్రీ:
అమ్మా, ఆ తెల్లగా పూసింది ఉప్పు. గవ్వలో ఉన్నది, గోడలో ఉన్నది తడికి కరిగి, ఆరేటప్పుడు పైకొచ్చి గట్టిపడుతుంది. గవ్వని గోడ నుంచి నెట్టేసేది అదే. అందుకని గవ్వల్ని మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ కొన్నాళ్ళు ఉంచండి. తర్వాత బాగా ఎండాలి.

బయటి గోడకి పాలిమర్ కలిసిన టైల్స్ గమ్మే మేలు. ఎపాక్సీ జిగురు వద్దు, ఎండకి పచ్చబడుతుంది. ఆల్చిప్పని ఉత్తినే బోర్లిస్తే అంచు మాత్రమే అంటుతుంది, లోపల బోలుగా ఉండి నీళ్ళు చేరతాయి. ముందు చిప్ప నిండా గమ్ కూరి, అప్పుడు గోడకి వత్తండి. పక్కల నుంచి కాస్త గమ్ బయటికి రావాలి.

ఇంకోటి. టైల్స్ పనయ్యాక యాసిడ్‌తో కడగడం మావాళ్ళకి అలవాటు. గవ్వ కాల్షియం కార్బొనేట్, యాసిడ్ పడితే బుసబుసా పొంగి మెరుపు పోతుంది. ఆఖరి రోజు దగ్గరుండి చూసుకోండి.

అడయార్ బాబాయ్:
గవ్వలు ఏరేటప్పుడు లోపల పీత ఉందేమో చూడమనండి పిల్లల్ని. ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలు చాలా. షాపుల్లో నాటిలస్ (సుడి తిరిగిన పెద్ద సముద్రపు గుల్ల) లాంటివి కనబడినా కొనకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. చేపల మార్కెట్లో పారేసే ఆల్చిప్పలు అడిగితే సరిపోతుంది. అయినా గవ్వలకీ మద్రాసు గోడలకీ సంబంధం కొత్తదా? పాత బంగళాల్లో అద్దంలా మెరిసే పూత, గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి తీసిన గుల్ల సున్నంతో చేసిందే కదా!

బెసెంట్ నగర్ అమ్మ:
థాంక్స్ బాబాయ్ గారూ. మేస్త్రీ గారూ, గోడకి పాత పెయింట్ ఉంది. దాని మీదే అతికించొచ్చా?

నెల్లూరు మేస్త్రీ:
వద్దమ్మా, పెయింట్‌తో పాటే ఊడొస్తుంది. బొమ్మ వచ్చే మేర సిమెంట్ కనబడేదాకా గీకించండి. గోడని సుత్తితో మెల్లగా తట్టి చూడండి, డొల్ల మోత వచ్చిన చోట ప్లాస్టరింగ్ కూడా తీసి కొత్తగా చేయాలి. అది ఆరకముందు పిల్లల్ని పిలవకండి.