సాలగ్రామం మీద తెల్లపొడి కడుతోంది, ఏం చేయాలి?

కాకినాడ కోడలు:
అందరికీ నమస్కారం. మా అత్తగారి పూజగదిలో ఆవిడ మామగారి కాలం నాటి సాలగ్రామం ఉంది. నిమ్మకాయంత నల్లరాయి. ఒక పక్క పెచ్చు ఊడి లోపల చక్రం కనిపిస్తుంది, ఆ గీతలు బంగారు రంగులో మెరుస్తాయి. ఏడాదిగా చక్రం చుట్టూ తెల్లగా, కాస్త పసుపుగా పొడి కడుతోంది. తుడిస్తే పోయి వారంలో మళ్లీ వస్తుంది. కింద వేసిన పట్టుగుడ్డ మాడినట్టయి చిల్లు పడింది. ఏదో అపచారం జరిగిందని అత్తయ్యకి ఒకటే టెన్షన్. చింతపండుతో తోమితే పోతుందా?

రాళ్ల మాస్టారు:
చింతపండు జోలికి అస్సలు వెళ్లకండమ్మా. ముందు ఒక్కటి చెప్పండి, ఆ పొడి దగ్గర వాసన చూస్తే ఎలా ఉంది? పాలు, తేనె సరిగ్గా కడగకపోయినా తెల్లగా పేరుకుంటుంది. అదైతే భయం లేదు.

కాకినాడ కోడలు:
అగ్గిపుల్ల గీసినప్పటి వాసన మాస్టారూ. రాగి పళ్లెం కూడా ఆ మేరకు పచ్చబడింది.

రాళ్ల మాస్టారు:
అయితే అనుమానం లేదు. మీరు బంగారు రంగు అంటున్నది పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. గాలిలో తేమ తగిలితే అది మెల్లగా విరిగి ఇనుప లవణాలుగా, గంధకామ్లంగా మారుతుంది. మీ పట్టుగుడ్డని తిన్నది ఆ ఆమ్లమే. మ్యూజియంలలో కూడా ఇలాంటి శిలాజాల (రాయిగా మారిన పాత జీవుల) పక్కన పెట్టిన చీటీలు, అట్టపెట్టెలు తినేసినట్టయిపోతాయి. అపచారం కాదు, రసాయనం అని అత్తగారితో చెప్పండి. కాకినాడ ఉక్కపోత, దానికి తోడు రోజూ నీళ్లు. ఇన్నాళ్లు ఆగడమే గొప్ప.

అన్నిటికంటే ముందు, ఈ రాయిని కడిగిన తీర్థం ఎవరూ తాగకండి. పిల్లలకి అసలే ఇవ్వకండి.

ఇక రాయి సంగతి. అభిషేకం ఆపండి. చేతికి తొడుగు వేసుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో పొడి దులపండి. ఒకరోజు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. తర్వాత గట్టిగా మూతపడే గాజు సీసాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి పెట్టండి. కొత్త చెప్పుల డబ్బాల్లో వస్తాయే, అవే. అయితే రెండు మూడు చాలవు, ఒక గుప్పెడు కావాలి. చిన్న తేమ మీటరు కొనుక్కుంటే మంచిది, సీసాలో తేమ 50 శాతం లోపు ఉండాలి. 60 దాటిందంటే మళ్లీ మొదలవుతుంది. కొబ్బరినూనె, వార్నిష్, గోళ్లరంగు ఏదీ పూయకండి. పైకి నిగనిగలాడుతుంది, లోపల కుళ్లు మాత్రం ఆగదు. వంటసోడా నీళ్లలో నానబెట్టమని ఎవరైనా చెబుతారు. అదీ వద్దు, మళ్లీ నీళ్లే కదా.

అర్చకుల అబ్బాయి:
అభిషేకం ఆపమంటే ఆవిడ ఒప్పుకోవడం కష్టం మాస్టారూ. మా ఇంట్లోనూ ఇలాంటి గొడవే వచ్చింది. మెరుపు లేని నల్ల సాలగ్రామం ఇంకోటి ఉంటే నీళ్లు దానికి పోసి, దీనికి దూరం నుంచే తులసిదళం, నైవేద్యం చూపిస్తే సరిపోతుందని మా నాన్నగారు తేల్చారు. తడి తులసి మాత్రం దాని మీద పెట్టకండి.

నాదో సందేహం. ఆ చక్రాలు వజ్రకీటం తొలిచినవని చిన్నప్పటి నుంచి విన్నాం. ఇప్పుడు కొందరు అది సముద్రపు జీవి అంటున్నారు, ఏది నిజం?

రాళ్ల మాస్టారు:
నాకు చాలా ఇష్టమైన ప్రశ్న అడిగారు. రాయిలో ఒక జీవి ఉందని మనవాళ్లు గుర్తించారు చూడండి, అక్కడికి వాళ్ల చూపు సరైనదే. కాకపోతే అది రాయిని తొలిచిన పురుగు కాదు. ఆ చక్రం దాని సొంత ఇల్లు. పేరు అమ్మొనైట్. ఆక్టోపస్, స్క్విడ్‌లకు చుట్టం, వీపున చుట్ట తిరిగిన గుల్ల. గుల్లలో అడ్డుగోడలతో వరసగా గదులుంటాయి. ప్రాణి చివరి గదిలో ఉండేది. వెనక గదుల్లో గాలి నింపుకుని నీళ్లలో తేలేది. ఆ అడ్డుగోడ గుల్లను తాకే చోట గీత ఆకు అంచులా వంకరలు పోతుంది. ఆ వంకరల తీరును బట్టే ఏ జాతో, ఏ కాలానిదో చెబుతారు.

నేపాల్‌లో గండకీ నది ఎగువన ముక్తినాథ్ చుట్టుపక్కల పలకరాళ్లను భూగర్భ శాస్త్రంలో స్పితి షేల్స్ అంటారు. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట అక్కడ టెథిస్ సముద్రం. అడుగున పేరుకున్న బురదలో గుల్లలు కూరుకుపోయాయి. చుట్టూ బురద గడ్డకట్టి ఉండలైంది. ఆక్సిజన్ అందని బురద కాబట్టి పైరైట్ పట్టింది. తర్వాత భారత ఫలకం వెళ్లి ఆసియాను గుద్దుకోవడంతో ఆ సముద్రపు అడుగే హిమాలయంగా లేచింది. ముక్తినాథ్ ఇప్పుడు సముద్ర మట్టానికి 3,700 మీటర్ల పైన ఉంది. అక్కడి ఉండలు నదిలో దొర్లి దొర్లి నునుపెక్కి మన పూజగదులకు చేరాయి.

ఈజిప్టు దేవుడు అమ్మోన్‌కి పొట్టేలు కొమ్ములు. ఆ కొమ్ముల పోలికతోనే అమ్మొనైట్ అన్న పేరు వచ్చింది. ఇంగ్లండులో విట్బీ వాళ్లు వీటిని రాయిగా మారిన పాములనుకుని, అమ్ముకోవడానికి తలలు కూడా చెక్కేవారు. మన వజ్రకీటం కథే నయం.

డిగ్రీ స్టూడెంట్:
సార్, ఆన్‌లైన్‌లో బంగారు చక్రం సాలగ్రామం 1,500 అంటున్నారు. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? మన రాష్ట్రంలో అమ్మొనైట్లు దొరకవా?

రాళ్ల మాస్టారు:
ఒకే దుకాణం ఫోటోల్లో నాలుగు రాళ్లకీ చక్రం అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉందంటే అది పోతపోసిన సరుకు. భూతద్దంలో గాలి బుడగలు, అంచున అచ్చు కలిసిన గీత కనిపిస్తాయి. చెక్కిన నకిలీల్లో చక్రం మరీ చక్కగా ఉంటుంది, నేను చెప్పిన ఆకు గీతలు ఉండవు. అవి చెక్కే ఓపిక ఎవరికీ లేదు. అడ్డంగా కోసి మెరుగుపెట్టిన గోధుమరంగు జతలు ఎక్కువగా మడగాస్కర్‌వి. అవి నిజమైన అమ్మొనైట్లే గానీ గండకివి కావు.

ఇక మన దగ్గర. ఏలూరు వైపు రాఘవాపురం షేల్స్‌లోనూ, ఒంగోలు వైపు బూదవాడ పొరల్లోనూ దొరికాయి. పూజకు పనికొచ్చేంత అందంగా ఉండవు, పలకలో నలిగిన ముద్రలు. మంచివి చూడాలంటే తమిళనాడులో అరియలూరు, పెరంబలూరు ప్రాంతాలకు, లేదంటే కచ్‌కు వెళ్లండి. అరియలూరు వైపు అమ్మొనైట్ల మీద స్టోలిచ్కా అనే శిలాజ శాస్త్రవేత్త 1860ల్లో రాసిన వివరణలను ఇప్పటికీ తిరగేస్తారు. వెళితే నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఏ పొరలో దొరికిందో రాసుకోకపోతే శాస్త్రానికి అది ఉత్త రాయే.

కాకినాడ కోడలు:
మూడు వారాలైంది, చెబుదామని వచ్చాను. పొడి మళ్లీ రాలేదు. చక్రం పక్కన పాత పగులు మాత్రం కాస్త వెడల్పయింది. సిలికా జెల్ రంగు రెండుసార్లు మారింది, పొట్లాలు మార్చాను. అత్తయ్య మొదట అలిగారు గానీ ఇప్పుడు సీసాకే బొట్టు పెడుతున్నారు. ఆవిడ ఒకటి అడగమన్నారు. సముద్రంలో ఉన్నప్పుడు అది ఏం తినేదట?

రాళ్ల మాస్టారు:
పగులు కలపడానికి ఫెవిక్విక్ వేయకండి, అలాగే ఉండనివ్వండి. ఇంకా పెరిగితే శిలాజాలు భద్రపరిచే మ్యూజియం వాళ్లకు చూపించండి.

అత్తగారి ప్రశ్నకు సగం జవాబు ఉంది. అమెరికాలో దొరికిన బాక్యులైట్స్ అనే నిటారు గుల్ల అమ్మొనైట్‌ని ఎక్స్‌రేలతో లోపలంతా చూశారు, 2011లో ప్రచురించారు. దాని నోట్లో సన్నటి పళ్ల వరస, ఆ పళ్ల మధ్య చిక్కుకున్న చిన్న నత్తపిల్ల, రొయ్య జాతి పురుగు ముక్కలు కనిపించాయి. మీ ఇంట్లోది వేరే జాతి కాబట్టి అదే తిన్నదని చెప్పలేం. నైవేద్యం మాత్రం మార్చనక్కర్లేదని చెప్పండి.