మూడో పార్టీకి వేసిన ఓటు మురిగిపోయినట్టేనా?

గట్టుమీది_రాజు: కూటమీ వద్దు, వైసీపీ వద్దు అనుకునే ఓటరు ఇంకో గుర్తుకి నొక్కితే ఏమైనా ఉపయోగం ఉందా? ఓడిపోయే అభ్యర్థికి పడ్డ ఓటు ఎక్కడైనా లెక్కకొస్తుందా?

లెక్కల_మాస్టారు: 2009 చూడండి, చాలు. ప్రజారాజ్యానికి 16 శాతం పైగా ఓట్లు, 294లో 18 సీట్లు. కాంగ్రెస్ 36 శాతం పైచిలుకుతో 156 కొట్టింది. వ్యతిరేక ఓటు చీలింది, అధికారం మళ్లీ వాళ్లకే దక్కింది. తర్వాత 2011లో ఆ పార్టీ వెళ్లి కాంగ్రెస్‌లోనే కలిసింది.

రాజోలు_లంక: చీలింది, చీలింది! ప్రజారాజ్యం ఓట్లన్నీ టీడీపీ ఖాతాలో వేసే హక్కు మీకెవరిచ్చారు మాస్టారూ? 2004తో పోలిస్తే కాంగ్రెస్‌కీ రెండు శాతం తగ్గింది. అవెటు పోయాయి? పైగా అప్పట్లో టీఆర్ఎస్, వామపక్షాలతో కట్టిన మహాకూటమి పొత్తులో టీడీపీ కొన్ని సీట్లు వదులుకుంది, దాని శాతం పడిపోవడానికి అదీ కారణమే.

లెక్కల_మాస్టారు: రెండు శాతమే కదా పోయింది. ఎక్కువ దెబ్బ ఎవరికి తగిలిందో మీ లెక్కే చెబుతోంది.

ఫారం_17సి: రాజు గారు అడిగింది వదిలేశారు. ఓడినవాళ్ల ఓటు కూడా ఎన్నికల సంఘం పార్టీకిచ్చే గుర్తింపు లెక్కలోకి వస్తుంది. రాష్ట్ర పార్టీ గుర్తింపుకి ఒక దారి: అసెంబ్లీ ఎన్నికలో చెల్లిన ఓట్లలో 6 శాతం, దాంతోపాటు 2 సీట్లు. 2019లో జనసేనకి ఐదున్నర శాతం, రాజోలు ఒక్కటే. రెండూ అందలేదు. అందుకే దాని గుర్తు గాజు గ్లాసు ఫ్రీ సింబల్‌గా, అంటే ఏ పార్టీకీ సొంతం కాని గుర్తుగా ఉండిపోయి, 2024లో జనసేన పోటీలో లేని చోట్ల కొందరు స్వతంత్రులకి దక్కింది. కూటమికి అదెంత తలనొప్పి అయిందో అందరికీ తెలుసు.

రాజోలు_లంక: మరి 2025 జనవరిలో గుర్తింపు వచ్చింది కదా. ఓపిక పట్టి వేసినవాళ్ల ఫలితమే అది.

ఫారం_17సి: కాదండీ. 2019 ఓట్లు 2024కి బదిలీ కావు, ప్రతి ఎన్నికా విడి లెక్కే. గుర్తింపు తెచ్చింది పొత్తులో పోటీ చేసిన 21కి 21 గెలవడం. విడిగా నిలబడి తెచ్చుకున్నది కాదు.

ఈల_అభిమాని: 2009లో కూకట్‌పల్లిలో లోక్‌సత్తా జేపీ గారు పొత్తు లేకుండానే గెలిచారు. దాన్నెందుకు ఎవరూ ఎత్తరు?

పెనమలూరు_శ్రీను: గెలుపు సంగతి తర్వాత, ముందు నామినేషన్‌తో కట్టిన డిపాజిట్ దక్కాలి. పోలైన ఓట్లలో ఆరో వంతు. నోటాకి ఎక్కువ పడితే ఆ గీత ఇంకా పైకి పోతుంది, చిన్న పార్టీని ముంచేది అదే.

ఫారం_17సి: పూర్తిగా తప్పు. ఆరో వంతు చూసేది అభ్యర్థులకి పడ్డ చెల్లిన ఓట్లలోనే, నోటా అందులో కలవదు. చెల్లినవి 1,80,000 అయితే సరిగ్గా 30,000 వచ్చినా డిపాజిట్ పోతుంది, 30,001 కావాలి. అసెంబ్లీకి 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 5,000.

పెనమలూరు_శ్రీను: ఒక్క ఓటు తేడాకి ఇంత గొంతు పెంచాలా?

ఫారం_17సి: ఒక్క ఓటు సంగతి కాదు. నోటా నొక్కితే చిన్న పార్టీకి నష్టమని జనాన్ని భయపెడుతున్నారు. రిటర్నింగ్ అధికారుల చేతిపుస్తకం మొత్తం చదివాకే మాట్లాడుతున్నాను, మీరూ చదవండి.

బూత్_సుబ్బన్న: శాతాల దగ్గరే కొట్టుకుంటున్నారు, చిన్న పార్టీ చచ్చేది బూత్ దగ్గర. 2024లో రాష్ట్రంలో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలు, అంటే నియోజకవర్గానికి సగటున 260 పైనే. ఒక్కో కేంద్రానికి ఒక ఏజెంటు, మారడానికి ఇద్దరు. అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందే మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగ్, కనీసం 50 ఓట్లు. సాయంత్రం ఆ కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క రాసిచ్చే 17సి ఫారం కాపీ చేతికి తీసుకునేదాకా కదలకూడదు. ఏజెంటు లేని చోట ఆ కాపీ ఉండదు, కౌంటింగ్ రోజు యంత్రంలోని మొత్తాన్ని సొంత కాపీతో పోల్చి చూసుకోలేరు. యంత్రం మీద పేర్ల వరసలోనూ గుర్తింపు పార్టీలే ముందు, రిజిస్టరై గుర్తింపు లేనివి వాటి కింద, స్వతంత్రులు చివర. గుర్తు పైనుంచి ఎన్నోదో ఇంటింటికీ చెప్పకపోతే ఓటరు వెతుక్కోడు.

రాజోలు_లంక: సుబ్బన్నా, గుర్తింపు లేని పార్టీకి నామినేషన్‌లో పదిమంది ప్రతిపాదించాలంటారు, నిజమేనా?

బూత్_సుబ్బన్న: నిజమే, పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లు కావాలి. గుర్తింపు పార్టీకైతే ఒక్కరు చాలు. ఓటర్ల జాబితాలో భాగం నంబరు, వరస నంబరు ముందే సరిచూసుకోండి. పదిమందిలో ఒక్కరు పక్క నియోజకవర్గం వాళ్లని తేలినా పరిశీలనలో కాగితం ఎగిరిపోతుంది. ఫలానావారే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే బి-ఫారం నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 లోపే అందాలి.

లెక్కల_మాస్టారు: అదంతా సరే, 2009 సంగతి ఇంకా తేలలేదు.