అప్‌డేట్: ఆఫీసు గోడ మీద కడలెకాయి పరిషె

బెంగళూరు జయనగరలోని మా ఆఫీసు రిసెప్షన్‌లో ఉన్న 18 అడుగుల గోడకు, విధానసౌధ కాకుండా ఈ ఊరిదనిపించే బొమ్మ ఏది వేయించాలని అడిగినప్పుడు సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర జరిగే వేరుశనగల తిరునాళ్లనే, అంటే కడలెకాయి పరిషెనే ఎంచుకున్నాం.

గోడ విషయంలో మాత్రం తొందరపడ్డాం. వెనుక బాత్రూమ్ పైపు కారుతున్న సంగతి గమనించకుండా పుట్టీ పెట్టించడంతో, రంగు వేసిన పది రోజులకే అడుగున ఉప్పు పొంగి పెచ్చులు లేచాయి. పైపు బాగుచేయించి, గోడను గీకించి, మూడు వారాలు ఆరనిచ్చి, ప్రైమర్ కొట్టించిన తరువాతే చిత్రకారిణి అక్రిలిక్ రంగులతో మళ్లీ మొదలుపెట్టారు.

మొదటి స్కెచ్‌లో కాయలు బుట్టల్లో ఉండేవి. మా ఆఫీసు ఊడ్చే చింతామణి పెద్దమ్మ అది చూసి, “బుట్టల్లో కాదమ్మా, గోనెపట్టా మీద రాశి పోసి సేరుతో కొలుస్తారు” అన్నారు. చిత్రకారిణి వెంటనే చెరిపి, ఆ రాశిని తిరిగి గీశారు. దగ్గరికెళ్తే ఒక్కో కాయ నడుము నొక్కు, పెంకు మీది గీతలు సన్నకుంచెతో వేసినవి కనిపిస్తాయి. నాకు అన్నింటికన్నా నచ్చింది అదే. మెరుపు లేని వార్నిష్ పూత వచ్చే వారం వేస్తారు.