అప్‌డేట్: తేలికైన ఎక్స్‌సీ ఫోర్క్, చివరికి 120 ఎంఎం తీసుకున్నాను

క్రాస్ కంట్రీ (ఎక్స్‌సీ) మౌంటెన్ సైకిల్‌కి ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఫోర్క్‌గా రాక్‌షాక్స్ కంపెనీ సిడ్ ఎస్ఎల్ 100 ఎంఎం మేలా, సిడ్ 120 ఎంఎం మేలా అని ఇంతకుముందు అడిగాను కదా. 120 తీసుకున్నాను. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

రెండింటి బరువులో తేడా దాదాపు 200 గ్రాములు. నన్ను ఒప్పించింది ట్రావెల్ (ఫోర్క్ ఎంత మేర కిందికి అణుగుతుందో ఆ కొలత, అదే 100, 120 ఎంఎం) కన్నా స్టాంచన్ గొట్టాల (ఫోర్క్ పైభాగంలో ఉండే, కింది కాళ్లలోకి జారే గొట్టాల) వ్యాసం: ఎస్ఎల్‌కి 32 ఎంఎం, సిడ్‌కి 35. రాళ్ల దిగుడులో గట్టిగా బ్రేక్ వేస్తూ తిప్పినా ముందు చక్రం నేను అనుకున్న దారిలోనే పోతోంది. నాలా కాస్త బరువున్నవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. ఆ 200 గ్రాములు మోయడం నాకేమీ బాధగా లేదు.

ఫ్రేమ్‌కి 120 పెట్టొచ్చో లేదో ముందు తయారీదారుని కనుక్కోమన్న సలహా ఎంతో పనికొచ్చింది. 100 ఎంఎం ఫోర్క్ తీసి ఇది పెడితే బైక్ ముందుభాగం 20 ఎంఎం దాకా లేస్తుంది, హెడ్ యాంగిల్ (ఫోర్క్ నిలబడే కోణం) సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంటే, స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే భాగం) కింద ఉన్న స్పేసర్ రింగులు తీసి పైన వేసి హ్యాండిల్‌ని కిందికి దించాను. ఇప్పుడు బాగుంది. శాగ్ (నేను ఎక్కి కూర్చుంటే ఫోర్క్ అణిగే మేర) ట్రావెల్‌లో 20 శాతం పెట్టాను. లాకౌట్ రిమోట్ (ఫోర్క్ అణగకుండా హ్యాండిల్ దగ్గర్నుంచే ఆపే మీట) ఇంకా బిగించాలి.